ఉస్తాద్ చెప్పిన చోటు

సాయంత్రం ఐదు దాటి పది నిమిషాలకు కైలాసం ఫోన్‌లో ఒక ఫోటో పడింది. తుమ్మ చెట్టు కింద కంచె సందు, ఆ సందుకు అడ్డంగా మోకాలెత్తున లాగి కట్టిన సన్నటి ఇనుప తీగ. కింద రెండు ముక్కలు రాసి ఉన్నాయి: ‘ఉస్తాద్ చెప్పిన చోటే కట్టినం. ఆరింటికి కరెంటు ఎక్కిస్తం.’ పక్కనే దండం పెడుతున్న చేతుల బొమ్మ.

ఆ సందులోంచే రోజూ పొద్దుగూకే వేళకు అతని వదిన బీరమ్మ రెండు బర్రెలను తోలుకొని ఇంటికి వస్తుంది.

కైలాసం కూర్చున్నది ఇస్నాపూర్ దగ్గర ఒక ఫ్యాక్టరీ గేటు పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో. వదిన ఉన్నది కంది అవతల, కాలేజీ గోడ వెనక పొలంలో. మధ్యలో హైవే, ఆ హైవే నిండా లారీలు. చేతిలో ఉన్నది ముప్పావు గంట.

ఈయన ఉస్తాద్ ఎలా అయ్యాడో చెప్పాలి. కైలాసానికి యాభై ఎనిమిదేళ్లు. తన వాటా భూమి ఎప్పుడో ప్లాట్లయి రాళ్లు పాతించుకుంది. చనిపోయిన అన్న వాటా మాత్రం వదిన ఎవరెంత చెప్పినా వదలకుండా దున్నించుకుంటోంది. కైలాసానికి మిగిలింది గేటు. వచ్చే లారీ నంబరు రాయాలి, పోయే లారీ నంబరు రాయాలి, మధ్యలో గేటు తెరవాలి, మూయాలి. పన్నెండు గంటల డ్యూటీ. నాలుగేళ్లలో అతన్ని పేరు పెట్టి పిలిచినవాడు లేడు. హారన్ కొట్టేవాళ్లు కొందరు, ‘ఏ సెక్యూరిటీ’ అనేవాళ్లు కొందరు. సాయంత్రానికి కాళ్లు ఉబ్బుతాయి. కిరాయి గదికి పోయి పడుకున్నా చెవుల్లో ఆ హారన్లే మోగుతుంటాయి.

పోయిన ఎండాకాలం ఫోన్ అద్దం పగిలితే మురళీమోహన్ మొబైల్ షాపుకు పట్టుకుపోయాడు. అద్దం మార్చేలోపు మాటల్లో తన తండ్రి వేట సంగతులు వచ్చాయి. మురళీమోహన్ కళ్లింత చేసుకొని విని, కొత్త అద్దంతో పాటు ఒక వాట్సాప్ గ్రూపు కూడా బిగించి ఇచ్చాడు. దాని పేరు ‘గుట్ట మిత్రులు’. పేరు చూసి భజన బృందం అనుకునేరు. ఏడు వందల మంది వేటగాళ్లు ఉన్నారందులో. ఎవరికీ అనుమానం రాకుండా అడవిపందిని ఆలుగడ్డ అంటారు, కుందేలును చెవులు అంటారు. టార్చిలైట్ల బేరాలు, కుక్కపిల్లల ఫోటోలు, చచ్చిన జంతువు పక్కన కూర్చొని పాట పెట్టి నవ్వే రీల్స్, రోజంతా ఇదే సందడి. ఇంతా చేసి వాళ్లలో సగం మందికి నక్క అడుగుకూ కుక్క అడుగుకూ తేడా తెలియదు. బురదలో ఏ గుర్తు కనబడినా ఫోటో తీసి ‘ఇదేంది’ అని అడుగుతారు.

ఒకరోజు గేటు దగ్గర ఊసుపోక కైలాసం ఒక ఫోటోకు జవాబు చెప్పాడు. అది ఆడపంది అడుగనీ, కడుపుతో ఉందనీ, అందుకే వెనక గిట్ట అంత లోతుగా దిగిందనీ నోటితోనే మాట్లాడి పంపాడు. నలభై బొటనవేళ్లు లేచాయి. ఎవడో ఉస్తాద్ అన్నాడు. మర్నాటికి అందరూ అదే పిలుపు. ఆ పిలుపు చెవిన పడ్డప్పుడల్లా కాళ్ల నొప్పి కాసేపు మరిచిపోయేవాడు. పొగడ్త కల్లు లాంటిదని పెద్దలు ఊరికే అనలేదు. కైలాసం పొద్దున ఒక ముంత, సాయంత్రం ఒక ముంత తాగుతూ వచ్చాడు.

అతని తండ్రి కాలంలో వేటకు ఒక కట్టుబాటు ఉండేది. జాడ తీసినవాడు తిరిగొచ్చి అందరి ముందు మూడు సంగతులు చెప్పాలి. ఎక్కడ చూశాడు, ఏ దిక్కు నుంచి వచ్చింది, ఏ వేళప్పుడు వచ్చింది. చోటు దాచినవాడికి మాంసంలో వాటా లేదు. పైగా వాడిని లోభి అని ఏడాది పొడుగునా ఏడిపించేవారు. కైలాసానికి ఆ అలవాటు చిన్ననాడే వంటబట్టింది. అయితే ఆ రోజుల్లో ఆ మాట వినేది పద్దెనిమిది మంది. పద్దెనిమిది మందీ ఒకరికొకరు బావలో మామలో. ఎవరి చేను ఎక్కడుందో, ఎవరి గొడ్డు ఏ దారిన వస్తుందో అందరికీ తెలుసు. ఈ ఏడు వందల మందిలో అది తెలిసినవాడు ఒక్కడూ లేడన్న సంగతి ఈ పెద్దమనిషికి తట్టలేదు.

ఆదివారం వదిన మొక్కజొన్న చేను చూడడానికి పోయాడు. పందులు పడి సగం చేను పడగొట్టాయి. వాగు ఒడ్డున తుమ్మ చెట్టు కింద సందు దగ్గర అతనికి జాడ దొరికింది. బర్రెల గిట్టల కింద పంది అడుగులు కలిసిపోయి ఉన్నాయి. మామూలు కళ్లకు అవి ఆనవు. ఆ గర్వంతో అక్కడే నిలబడి ఫోటో తీశాడు, మాట్లాడి పంపాడు. కంది అవతల, కాలేజీ గోడ దాటాక వాగు, తుమ్మ చెట్టు, కంచె సందు. ఆడపంది, ఆరు పిల్లలు. పడమటి నుంచి, పొద్దుగూకాక. ఒక్కటీ దాచలేదు. రెండు వందల బొటనవేళ్లు లేచాయి. వదిన ఇంట్లో అన్నం తిన్నంతసేపూ ఎడమచేత్తో ఫోన్ పట్టుకొని వాటిని లెక్కపెడుతూనే ఉన్నాడు.

ఇప్పుడు అదే ఫోన్ పట్టుకొని కుర్చీలోంచి లేచాడు. ముందు వదినకు చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. ఆమె ఫోన్‌ను ఇంట్లో గూట్లోనే పెట్టి పోతుంది, వాగులో పడితే పాడవుతుందని. ఆ సంగతి తెలిసి కూడా నాలుగుసార్లు చేశాడు. వంద నంబరుకు చేస్తే అవతలి ఆమె ఓపికగానే విని, బండి పంపుతామంది. ఏ స్తంభం దగ్గర, స్తంభం నంబరెంత అని అడిగింది. కైలాసానికి తుమ్మ చెట్టు తప్ప ఇంకో గుర్తు తెలియదు.

తీగ ఫోటో పెట్టినవాడి పేరు అక్షయ్ అని ఉంది. గ్రూపులో మాట్లాడి పంపాడు. "అక్షయ్, ఆ తీగ తీసెయ్యి బిడ్డా. అది మా వదినె బర్రెలను తోలుకొచ్చే తొవ్వ. మనిషి పాణం పోతది."

ఒకడు నవ్వే బొమ్మ పెట్టాడు. ఇంకొకడు కొత్త టార్చి ఎంత దూరం కొడుతుందని అడిగాడు. ఎవరిదో కుక్కపిల్ల నాలుగు ఫోటోల్లో కనబడింది. కైలాసం మాట పైకి జరిగి జరిగి కనబడకుండా పోయింది. ఫోటో పెట్టిన అక్షయ్ నంబరుకు చేస్తే స్విచాఫ్. ఆ నంబరు పక్కన మనిషి మొహం లేదు, పులి బొమ్మ ఉంది. చివరికి గ్రూపు నడిపే మురళీమోహన్‌కు చేశాడు.

"కాకా, ఆ పోరడు ఎవడో నాకూ తెల్వదు. ఇంకో గ్రూపుకెళ్లి వచ్చిండు," అన్నాడు మురళీమోహన్ గొంతు తగ్గించి. "నువ్వు గిట్ల కరెంటు, పాణం అని గ్రూపుల మాట్లాడకు. అందరం ఫస్తం, లోపలేస్తరు."

పోలీసులకు చెప్పానని కైలాసం అన్నాడు. అవతల ఫోన్ కట్టయింది. నిమిషం తిరక్కుండా అతన్ని గ్రూపు నుంచి తీసేసినట్టు తెర మీద ఒక వాక్యం వచ్చింది. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట చోటు లేదన్న సామెత ఇలాంటివాళ్ల కోసమే పుట్టింది. నిన్నటిదాకా ఉస్తాద్, ఈ క్షణం నుంచి ఎవడో ముసలోడు.

గేటును రెండో కాపలావాడైన బిహారీ అబ్బాయికి అప్పగించి రోడ్డెక్కాడు. డ్యూటీ వదిలిపోతే రేపు ఈ కుర్చీ ఉండదని ఆటో ఎక్కాక గుర్తొచ్చింది. గుర్తొచ్చినా పెద్దగా ఏమీ అనిపించలేదు. ఆటోవాడు నిజంగానే జల్దీగా పోవాలని చూశాడు, కానీ ముందు ట్యాంకరు, పక్కన కంపెనీ బస్సు, వెనక హారన్లు. రుద్రారం దగ్గరే ఆరయింది. ఇప్పుడు కరెంటు ఎక్కించి ఉంటారు అనుకున్నాడు. వదినకు ఈరోజు ఆలస్యమవ్వాలి, బర్రె ఎవరి చేనిలోనో పడాలి, ఎవరైనా ఆమెను తిట్టుకుంటూ ఆపాలి. ఇలాంటి కోరికలు కోరుకుంటూ కళ్లు మూసుకున్నాడు. నిద్ర లాంటి అలసట కమ్ముకొచ్చింది. భయంలో కూడా మనిషికి నిద్ర వస్తుందా అని తన మీద తనకే అసహ్యం వేసింది.

కాలేజీ గోడ దగ్గర దిగి ఉరికాడు. ఉరికాడంటే, ఉబ్బిన కాళ్లు ఎంత ఉరకనిస్తే అంత. వాగు దగ్గరికి వచ్చేసరికి వెలుతురు పలచబడింది. బర్రె అరుపు వినిపించింది. ఇంకో నాలుగు అడుగులు వేశాక వదిన కనబడింది.

నిలబడి ఉంది. బతికి ఉంది.

పెద్ద బర్రె సందులో అడ్డంగా పడి ఉంది. ఎప్పుడూ ముందు నడిచేది అదే. రెండోది దాని బిడ్డ. తల్లి దగ్గరికి పోవాలని మెడ చాచి గుంజుతోంది. బీరమ్మ పగ్గాన్ని నడుముకు చుట్టుకొని, మడమలు మట్టిలో దిగేసి, వెనక్కి వాలి దాన్ని ఆపుతోంది. అరవై ఐదేళ్ల మనిషి. వదిలితే చిన్నదీ తీగ మీద పడుతుంది. తుమ్మ చెట్టు తీగ పక్కనే ఉంది, కట్టేయడానికి దగ్గర్లో ఇంకో చెట్టు లేదు. అరిచి అరిచి గొంతు పోయింది.

"దగ్గరికి రాకు కైలాసం," అంది గాలి గొంతుతో. "తీగల కరెంటున్నది."

అతను దూరంగా నడుస్తూ కంచె వెంట తీగ ఎటు పోయిందో చూసుకుంటూ పోయాడు. నూరడుగుల అవతల కరెంటు స్తంభం, పై తీగకు తగిలించిన కొక్కెం. దాన్ని ఎక్కించిన ఎండు వెదురు బొంగు గడ్డిలోనే పడేసి పారిపోయారు. అదే బొంగుతో కొక్కేన్ని ఎత్తి దూరంగా విసిరాడు. వెనక్కి వచ్చి ఇక వదిలేయమన్నాడు. బీరమ్మ వదల్లేదు. వేళ్లు బిగుసుకుపోయాయి. అతనే ఒక్కొక్క వేలూ విప్పి, నడుము చుట్టూ ఉన్న పగ్గం తీశాడు. అరచేతులు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. చిన్న బర్రె పోయి తల్లి మొహం నాకడం మొదలుపెట్టింది.

బీరమ్మ నేల మీద కూలబడింది. కంచెకు కట్టిన తీగను చూస్తూ అడిగింది.

"ఎవడో పట్నపోడే ఉంటడు. ఈ సందు వానికెట్ల ఎరుకైంది?"

ఏమీ ఎరగనట్టు ఊరుకుంటే సరిపోయేది. పట్నపోడి మీద తోసేయడం ఎంతో తేలిక, ఆమే తోవ చూపించింది. కానీ కైలాసానికి అబద్ధం ఆడే ఓపిక కూడా మిగల్లేదు.

"నేనే చెప్పిన వదినె. పందులు ఈడికెళ్లే వస్తున్నయని ఫోన్ల చెప్పిన. ఏడు వందల మందికి."

తిడుతుందనుకున్నాడు. తిట్టాలని కోరుకున్నాడు. ఆమె అతన్ని కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"ఎన్నడు చూసినవ్?"

"ఆయితారం."

బీరమ్మ తల వంచుకుంది. ఒరుసుకుపోయిన అరచేతులు ఒళ్లో పెట్టుకొని వాటితోనే మాట్లాడుతున్నట్టు అంది.

"మూడు దినాలాయె, పందులు ఎటుకెళ్లి వస్తున్నయో తెల్వక, చేను ఆ కొసకు పోయి డబ్బా కొట్టుకుంట కూసుంటున్న. ఏడు వందల మందికి చెప్పినవు. నాకొక్కదానికి చెప్పకపోతివి."

కైలాసం పగ్గం కొస పట్టుకొని అక్కడే నిలబడిపోయాడు.