బూట్లకు తగ్గ బెల్టు

నేను ఒక బెల్టును. అసలు తోలు, కాఫీపొడి రంగు, ఇత్తడి బకిలు. అందానికి నాకేం తక్కువ? అయినా కుళ్ళి చచ్చాను. ఎవరిని చూసి అంటారా? బూట్లను చూసి!

నన్ను విజయవాడలో కొన్నవాడు ఉమాపతి, మందుల కంపెనీ రిప్రజెంటేటివు. పెళ్ళిచూపుల కోసం నీలం కోటు, బూడిద రంగు ప్యాంటు, మెరూన్ టై తీసుకున్నాడు. కాఫీపొడి రంగు బూట్లు కూడా అయ్యాక, వెంట వచ్చిన మేనమామ, "ఒరేయ్, బెల్టూ బూట్లూ ఒకే రంగులో ఉండాల్రా. ఈ బూట్లకు తగ్గ బెల్టు చూడు," అన్నాడు. అలా వాటికి తోకలాగా వచ్చాను. బెల్టుకు తగ్గ బూట్లు అన్న మనిషిని నేను చూడనేలేదు. బురద తొక్కేవి అవి, నడుం మీద ఉండేదాన్ని నేను. పాలిషూ బ్రష్షూ మాత్రం వాటికే, నాకు గోడ మేకు.

పెళ్ళిచూపులు తెనాలిలో. ఇంత మ్యాచింగు చేసుకుని వెళ్ళినవాడు గుమ్మం ముందు ఏం చేశాడు? బూట్లు విప్పాడు! మన ఇళ్ళలోకి బూట్లతో ఎవరు రానిస్తారు? మేనమామకు ఆ సంగతి తట్టనే లేదు. నాకైతే పండగే. అమ్మాయి మృణాళిని డ్రాయింగు టీచరు, రంగులు తెలిసిన మనిషి. ఆమె చూపు నా మీద పడేలోపే ఉమాపతి కుర్చీలో కూలబడ్డాడు, కోటు నన్ను కప్పేసింది. ఛీ, నా బతుకు!

బయటికి వచ్చేసరికి గుమ్మంలో ఒక్క బూటే ఉంది. రెండోదాన్ని వీధికుక్క కరుచుకుపోయింది. "అయ్యో, మా నాన్నగారి చెప్పులు వేసుకెళ్ళండి," అంటూ మృణాళిని నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వుకే ఉమాపతి పడిపోయాడు, సంబంధం ఖాయమైంది. నేను మాత్రం పీడ విరగడైందనుకున్నాను.

ఎంత తెలివితక్కువదాన్ని! ఆ బూట్లే లేకపోతే నన్నెవరు తీస్తారు? రోజూ నల్ల బూట్లు, వాటికి జతగా నల్ల బెల్టు. పెళ్ళయి ఏడాది కావొచ్చింది. ఆ నల్లదాని వైభోగం చూసి ఏడవని రోజు లేదు.

ఒకరోజు బీరువా సర్దుతూ మృణాళిని నన్ను చేతిలోకి తీసుకుంది. "ఎంత మంచి రంగండీ ఇది! నీలం కోటు మీదికి ఆ నల్లది వేసి చంపుతున్నారు. మన పెళ్ళిరోజుకి ఇదే వేసుకోండి," అంది. నన్ను సంచిలో వేసుకుని చెప్పుల కొట్టుకు తీసుకెళ్ళింది. బల్ల మీద పెట్టి, "ఈ బెల్టుకు తగ్గ బూట్లు చూపించండి," అంది.

విన్నారా? చెవులారా విన్నాను నేను! నాలుగు జతలు నా పక్కన పెట్టి చూసింది. "ఇది ఎరుపు కొడుతోంది, ఇదేమో మరీ పసుపు," అంటూ అన్నీ తోసేసింది. ఐదో జత నాకు సరిగ్గా నప్పింది. ఆ బూట్ల వంక మహారాణిలా చూశాను.

పెళ్ళిరోజు పొద్దున్న ఉమాపతి నన్ను నడుముకు చుట్టాడు. బకిలు అందలేదు. ఊపిరి బిగబట్టి లాగాడు. ఆఖరి బెజ్జానికి ఇంకా బెత్తెడు దూరం. ఏడాదిపాటు తిన్న ముద్దపప్పూ నెయ్యీ అడ్డం వచ్చాయి.

"పోనీలెండి, బూట్లు బాగున్నాయిగా," అంది మృణాళిని.

నన్ను మేకుకు తగిలించి, ఆ బూట్లకు తగ్గ బెల్టు కొనడానికి ఇద్దరూ బజారుకు బయలుదేరారు.