చెయ్యి అందేదాకా

పొద్దున ఎనిమిదింటికల్లా ఆమె కొంగు బిగించి ఇటుకల గుట్ట దగ్గర నిలబడేది. మొదటి అంతస్తు పరంజా మీద ఆమె అన్న, మేస్త్రీ. కింద నుంచి ఆమె ఇటుక ఎగరేస్తే పైన ఆయన అందుకుని గోడలో పెట్టేవాడు. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని.

ఆమె ఎగరేసిన ఇటుక చెయ్యి అందేదాకా కింద పడేది కాదు. అన్న చెమట తుడుచుకుంటుంటే ఆయన నడుము ఎత్తున గాల్లో ఆగి ఉండేది. ఒక్కోసారి మూడు నాలుగు వరసగా ఆగేవి. పనివాళ్లు వాటి కింద నుంచే సిమెంటు తట్టలు మోసుకుపోయేవారు. యాభై దాటి చూపు మందగించినా అన్న పని సాగుతోందంటే అందుకే.

ఆ రోజు ఇంజనీరమ్మ వచ్చింది. చదువు ముగించి ఏడాది కూడా కాలేదు. ఇటుకలెత్తే మిషను సోమవారం వస్తుందని, ఇక విసిరే పని ఉండదని చెప్పడానికి వచ్చి, ముందు ఇటుకల సంగతి అడిగింది.

"అంత బరువు తగిలితే ఆయన చేతులు మండవా అక్కా?"

"గట్టిగా విసిరితే మండుతాయి మేడమ్. సరిగ్గా ఆయన చెయ్యి దగ్గరికి వెళ్లేసరికి దాని వేగం అయిపోవాలి. అప్పుడు పువ్వు అందుకున్నట్టే ఉంటుంది."

ఇంజనీరమ్మ మొహం విప్పారింది. పైకి విసిరిన ఏ వస్తువైనా చిట్టచివర ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాతే కిందికి మళ్లుతుందని తను చదువుకున్నది చెప్పింది.

"ఇదీ అంతే. ఆ క్షణం కాస్త ఎక్కువ," అంటూ ఆమె ఇంకో ఇటుక తీసింది.

అప్పుడు ఇంజనీరమ్మ మిషను సంగతి చెప్పింది. ఆమె చేతిలోని ఇటుక కింద పెట్టేసింది. బతిమాలలేదు. పైన గోడ కట్టే పని ఇవ్వమంది. సిమెంటు బస్తాలు పెట్టే గది వెనక గోడ మొత్తం తను కట్టిందేననీ, అది చూసి కూడా సూపర్‌వైజరు నవ్వి ఊరుకున్నాడనీ చెప్పింది. ఇంజనీరమ్మ ఆ గోడ వైపు తిరుగుతుండగానే పైన పరంజా పలక జారింది.

అన్న కాళ్లు గాల్లోకి వచ్చాయి. కింద ఇనప చువ్వలు నిటారుగా ఉన్నాయి. ఆమె పక్కనున్న పలకను రెండు చేతులా ఎత్తి విసిరింది. అది వెళ్లి ఆయన పాదాల కింద ఆగింది. కాస్త ఊగిందే గానీ దిగలేదు. ఆయన దాని మీద నిలదొక్కుకుని, కిటికీ అంచు పట్టుకుని లోపలికి అడుగేశాడు.

కిటికీ పక్కనే కూర్చుండిపోయాడు. ఇక తన వల్ల కాదని, చెల్లిని పైకి పంపమని అక్కణ్ణుంచే చెప్పాడు.

"మేస్త్రీగా ఎక్కు అక్కా," అంది ఇంజనీరమ్మ. "సూపర్‌వైజరుతో నేను మాట్లాడతాను."

ఆమె నిచ్చెన ఎక్కింది. చెయ్యి చాచి గాల్లో ఉన్న పలకను తీసుకుని, పరంజాకు గట్టిగా కట్టింది. అన్న తన తాపీ ఆమె చేతికిచ్చాడు. ఆమె సిమెంటు పరిచి, ఇటుక అదిమి, తాపీ పిడితో రెండు దెబ్బలు వేసింది.

"ఎలా ఉందన్నా?"

ఆయన ఇటుక అంచు పొడవునా వేలు పెట్టి రాసి చూశాడు.

"తిన్నగానే ఉంది. తర్వాతది పెట్టు."