డాబా మీద సిస్టమ్

పెద్ద వరద వచ్చిపోయిన మరుసటి ఏడు జరిగింది ఇది.

వరదకు ముందు ఆ ఇంటికి డాబా ఒకటుందని ఇంట్లో ఎవరికీ పట్టలేదు. నీళ్ళ తొట్టి, బట్టలారేసే తీగ, కాలు విరిగిన కుర్చీ ఒకటి అక్కడ ఉండేవి. వరదలో వీధి వీధంతా పైకెక్కి పిట్టగోడలకు ఆనుకుని కూర్చున్నప్పుడు అందరూ ఒకరి డాబా ఒకరు చూసుకున్నారు. ఎదురింటి డాబాకి ఎర్ర పలకలున్నాయి. జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంటే, దర్జీ భార్య కళ్ళు వెళ్ళి ఆ పలకల మీద పడ్డాయి. వరద తగ్గింది. ఆవిడ కళ్ళలోంచి పలకలు మాత్రం పోలేదు.

దర్జీకి వరద మిగిల్చింది వేరు. కింద కొట్టు పాడైపోయింది. దక్కిన మిషను ఒక్కటీ మోసుకొచ్చి పై గదిలో, సరిగ్గా డాబా కింద పెట్టుకున్నాడు. కిందనుంచి వచ్చే నీళ్ళ బాధ తప్పింది, పైనుంచి వచ్చే నీళ్ళ బాధ మొదలైంది. శ్లాబులో పగులుంది. వాన పడితే తుప్పు రంగు చుక్కలు వచ్చి కోతబల్ల మీద పడేవి. పాత గిరాకీ అంతా చెదిరిపోయి, మిగిలింది ఆసుపత్రి వాళ్ళ తెల్లకోట్ల పని ఒక్కటే. తెల్ల గుడ్డ మీద తుప్పు నీళ్ళు పడితే ఆ పనీ పోతుంది. ఆ తర్వాత మిషను మూలన పెట్టుకుని చూస్తూ కూర్చోవాల్సిందే.

అందుకని ఒక సాయంత్రం అన్నాల దగ్గర ఆయన నోరు తెరిచాడు. "డాబా కారుతోంది. ఏదో ఒకటి చెయ్యాలి."

ఆయన అన్న మొదటి ముక్క ఎవరికీ వినపడలేదు. రెండోది మాత్రం ఇల్లంతా పాకింది.

"చెక్క వేయిద్దాం నాన్నా, హోటల్లా ఉంటుంది," అన్నాడు కొడుకు.

"హోటల్లో తుడిచేవాళ్ళుంటారురా. ఇక్కడ నేనున్నాను," అంది తల్లి. "ఎర్ర పలకలే. ఎదురింటావిడ చూసి గుటకలు మింగాలి."

"ఎండకి కాళ్ళు కాలతాయి అత్తయ్యా. గడ్డి పరిస్తే మెత్తగా ఉంటుంది," అంది కోడలు.

"గడ్డి వేస్తే మేకల్ని కూడా తేవాలి."

"ప్లాస్టిక్ గడ్డి అత్తయ్యా."

"అయితే ప్లాస్టిక్ మేకల్నే తెద్దాం."

అప్పుడు దర్జీ బావమరిది గొంతు సవరించుకున్నాడు. వరదప్పుడు నాలుగు రోజులుండి పోతానని వచ్చిన మనిషి. వరద పోయింది గానీ ఆయన పోలేదు. ఏ పనీ లేదు కాబట్టి అన్ని పనుల గురించీ తెలుసు.

"మీరంతా నేల గురించి మాట్లాడుతున్నారు. మనకి కావాల్సింది నేల కాదు. సిస్టమ్."

ఇన్నాళ్ళూ తొక్కింది ఉత్త నేల అని తెలిసేసరికి అందరూ కొంచెం సిగ్గుపడ్డారు.

"ప్లాస్టిక్ పలకలు బావా. ఒకదాంట్లో ఒకటి టక్కున పడతాయి. అడుగున చిన్న చిన్న కాళ్ళుంటాయి. ఎంత వాన పడనీ, నీళ్ళు సందుల్లోంచి కిందకి పోతాయి. పైన చుక్క కనపడదు. అక్కకి ఎర్రవి, కోడలికి పచ్చవి, మేనల్లుడికి చెక్క రంగువి. ఇంకేం కావాలి?"

"కిందకంటే?" అన్నాడు దర్జీ.

"కిందకే బావా."

"ఎంత కిందకి?"

"అబ్బా! నీకన్నీ అనుమానాలే," అని బావమరిది అక్క వైపు చూశాడు. అక్క మొగుడి వైపు చూసింది. దర్జీ అన్నం వైపు చూశాడు. సిస్టమ్ ఖాయమైంది.

ముందు పగులు పూడ్చాలని దర్జీకి తెలుసు. చెప్పాలనీ తెలుసు. కానీ చెబితే మళ్ళీ చెక్క, గడ్డి, మేకలు మొదటినుంచీ వినాలి. ఆయన డాబా ఎక్కి, జేబులోంచి సుద్దముక్క తీసి, తొట్టి కాడినుంచి తూము దాకా పగులు పొడుగునా చక్కగా గీత గీశాడు. దిగి వచ్చి మిషను ముందు కూర్చున్నాడు. చెప్పాల్సింది చెప్పేశానని ఆయన లెక్క. జన్మంతా గీతలు గీసి కత్తిరించిన మనిషి. సుద్ద గీత ఉన్నచోట ముందు చెయ్యి పెట్టాలని లోకంలో అందరికీ తెలుసనుకున్నాడు.

అందరికీ తెలుసు కూడా. అదే వచ్చిన చిక్కు.

మర్నాడు దర్జీ ఆసుపత్రికి వెళ్ళాడు. కొత్త నర్సుల కొలతలు తీసుకోవాలి. ఇక్కడ బావమరిది పలకల డబ్బాలు పైకి చేరవేయించి, గీత చూసి మురిసిపోయాడు.

"చూశావా అక్కా! బావ నోరు విప్పడు గానీ లోపల ఎంత ఉబలాటమో! ఎక్కడ మొదలుపెట్టాలో గీసి మరీ వెళ్ళాడు."

"ఆయనంతే. మనసులో ఉన్నది పైకి చెప్పరు," అంది అక్క గర్వంగా.

మొదటి వరస సరిగ్గా ఆ గీత మీదే పడింది.

దర్జీ తిరిగొచ్చేసరికి డాబా మూడు రంగుల్లో మెరుస్తోంది. ఎదురింటావిణ్ణి పిలిచారు, టీ పెట్టారు. బావమరిది పంచె ఎగ్గట్టి, నిండు బకెట్టు పట్టుకుని తొట్టి పక్కన నిలబడ్డాడు.

"చూడండి. బాగా చూడండి!" బకెట్టు గుమ్మరించాడు. నీళ్ళు పలకల సందుల్లోకి దూరి మాయమయ్యాయి. "ఏవీ నీళ్ళు? ఎవరైనా చూపించండి!"

ఎవరూ చూపించలేకపోయారు. చప్పట్లు కొట్టారు.

దర్జీ కళ్ళు గీత కోసం వెతికాయి. గీత లేదు. గీత ఉండాల్సిన చోట ఎర్ర పలకల మీద ఎదురింటావిడ నిలబడి ఉంది. ఆయన గబగబా మెట్లు దిగాడు.

నీళ్ళు కనపడ్డాయి. కోతబల్ల మీద, మడతపెట్టిన తెల్లకోట్ల మీద, మర్నాడు ఆసుపత్రికి అందాల్సిన కోట్ల మీద తుప్పు రంగులో ధారగా కారుతున్నాయి. ఆయన కోట్లు లాగి పక్కకు వేస్తుండగా పైనుంచి ఎదురింటావిడ గొంతు వినపడింది.

"భలే ఉందండీ. ఇంకోసారి పొయ్యండి, సరిగ్గా చూళ్ళేదు."

ఆవిడ కోసం ఇంకో బకెట్టు పోశారు.

టీకి పిలవడానికి వచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో, కోట్లు! పగులు అక్కడుందని ఒక్క ముక్క చెప్పొచ్చు కదండీ!"

"గీత గీశాను."

"గీతా? మొదలుపెట్టే చోటనుకున్నాం మేము!"

"అవును. మొదలుపెట్టే చోటే."

ఆవిడ కొంగు దోపుకుని నిమ్మకాయలు, ఉప్పు తెచ్చింది. ఇద్దరూ గంగాళంలో కోట్లు నానేసి, మరక మరకా చేత్తో రుద్దారు. పైన టీ గ్లాసులు గలగలమంటున్నాయి.

"ఇదంతా నా ఎర్ర పలకల వల్లే," అంది ఆవిడ. ఆయన ఇంకో కోటు అందించాడు.

మర్నాడు తెల్లారుతూనే దర్జీ డాబా ఎక్కాడు. కోట్లన్నీ తీగ మీద ఆరేశాడు. మోకాళ్ళ మీద కూర్చుని మొదటి వరస పలకలు ఊడదీయడం మొదలుపెట్టాడు. టక్కున పడ్డవి టక్కుమనే లేచాయి. ఆ చప్పుడుకి బావమరిది దుప్పటి కప్పుకునే వచ్చాడు.

"బావా! సిస్టమ్ పాడవుతుంది!"

"ఇక్కడ పగులుంది. నా కోట్లు తడిశాయి. ముందు ఇది పూడ్చాలి. నువ్వు సిమెంటు కలుపు."

ఆ ఇంట్లో ఆయన ఒకే గుక్కలో అన్నేసి మాటలు అనడం అదే మొదలు. బావమరిది దుప్పటి పిట్టగోడ మీద వేసి బకెట్టు అందుకున్నాడు. ఈసారి చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు.

పగులు నిండా సిమెంటు కూరి, పైన తడి గోనె కప్పి, దర్జీ చేతులు కడుక్కున్నాడు. కోట్ల చేతులు పట్టి చూశాడు. ఆరాయి. ఒక్కటి తప్ప అన్నిటికీ మరకలు పోయాయి. ఇస్త్రీ చేసి అవన్నీ మూట కట్టాడు. మరక పోని కోటు మిషను మీద వేసుకుని, ఆ మరక మీద మూడో జేబు కుట్టాడు.