ముకద్దం తిన్న ఉప్పు

పిల్లలు లోపల ఎక్కాలు అప్పజెబుతుండగానే వాడు బయటి గోడ మీద ఎర్రరంగుతో ఇంటూ గుర్తు గీశాడు. కరియాన్ లహ్జర్ రేకుల వాడలో ఆ గుర్తు తెలియనివాళ్లు లేరు. అది పడ్డ గోడను కూల్చేస్తారు.

గీసినవాడు బూషైబ్, పేటకు ముకద్దం. సర్కారుకు కళ్లూ చెవులూ వాడే. గోడేమో ఉమ్మడి రొట్టెల బట్టీ వెనక గదిది. వాడలో ఎవరింట్లోనూ రొట్టె కాలదు. పిండి కలిపి, చెక్కపళ్లెంలో పెట్టి, పిల్లల నెత్తిన బట్టీకి పంపుతారు. కాలిందాకా పిల్లలు అక్కడే పడిగాపులు కాయాలి. ఆ పడిగాపులనే సుకైనా బడి చేసింది. మామూలు రోజుల్లో సాయంత్రాలు, ఎండాకాలం సెలవుల్లో పొద్దంతా. పట్టా పుచ్చుకుని ఉద్యోగం దొరకని పిల్ల, జీతం లేకుండానే చెప్పేది.

ఆ పిల్లల్లో ఒకతె తూదా, వాడలో ఉండే ఇత్తో కూతురు. సర్కారు బడిలో రెండుసార్లు తప్పింది. సెలవుల తర్వాత పరీక్ష కూడా పోతే గెంటేస్తారు. గెంటేస్తే ఏమవుతుందో ఇత్తోకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పాలపళ్లు ఊడకముందే ఆమె పట్నంలో దొరల ఇళ్ల అంట్లు తోమింది.

ఆ సాయంత్రం బట్టీ ముందు ఆడవాళ్లంతా గుమిగూడారు.

"జాగా కాంట్రాక్టరుకు అమ్మేశారంట. మేడలు లేపుతారంట."

"మేడల్లోకి మనల్ని పిలుస్తారా ఏంది?"

"ఎందుకు పిలవరే, మెట్లు కడగొద్దూ!"

అందరూ నవ్వారు. సుకైనా లేచి నిలబడింది. "గుమ్మంలో వంతులవారీగా కూర్చుందాం. మనం లేచేదాకా గోడ పడదు."

కూర్చున్నారు. ముసలివాళ్లు, నెలలు నిండినవాళ్లు, సార్డీన్ చేపల ఫ్యాక్టరీ నుంచి అదే కంపుతో వచ్చినవాళ్లు. గోడలు కూల్చే యంత్రం వచ్చింది, చూసింది, వెనక్కి పోయింది. లోపల తూదా మొదటిసారి ఒక పేజీ తడుముకోకుండా చదివింది.

అప్పుడు బూషైబ్ పోలీసుల్లేకుండా ఒంటరిగా వచ్చి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"మీ పిల్లలు నా పిల్లలు కాదా అక్కల్లారా? పైవాళ్లతో మాట్లాడా. పండగ దాటేదాకా ఎవ్వడూ ముట్టుకోడు. ఇళ్లకు పోయి పడుకోండి."

ఇత్తో వేడి రొట్టె తుంచి, ఉప్పులో అద్ది ఇచ్చింది. వాడు తిన్నాడు. కలిసి రొట్టే ఉప్పూ తిన్నాక మోసం చేయడం ఆ నేల మీద లేదు. ఒట్టు తప్పినవాళ్లను చూశారు గానీ ఉప్పు తప్పినవాణ్ణి వాళ్లు చూడలేదు.

"ఆడు తిన్నాడే పిల్లా, ఇంక తప్పడు," అంది ఇత్తో.

"అక్కా, వాడు తిన్నది మన రొట్టె. వాడికి కూడు పెట్టేది వేరేవాళ్లు," అంది సుకైనా.

"నాలుగు పుస్తకాలు చదివితే ఉప్పు సంగతి తెలుస్తదా నీకు?" అని ఇత్తో కసిరింది. అందరూ లేచి వెళ్లారు. సుకైనా ఒక్కతే గుమ్మంలో ఉండిపోయింది.

తెల్లారకముందే యంత్రం వచ్చింది. వాడ పరుగెత్తుకొచ్చేసరికి గదీ లేదు, బట్టీ లేదు. సుకైనాను జీపులోకి ఈడ్చారు. పోలీసును కొట్టిందని కేసు. ఆమె చెప్పు ఒకటి ఇటుకల మధ్య ఉండిపోయింది.

"పరీక్షెట్లమ్మా?" అంది తూదా. ఇత్తో తన చేతిని చూసుకుంది. రొట్టె తుంచింది ఆ చెయ్యే. నరికేసుకోవాలనిపించింది.

వాడలో మిగిలింది బా ఇద్దర్ అనే ఆయన బట్టీ ఒక్కటే. మర్నాడు అక్కడ వరసలో ఉండగా ముకద్దం పెళ్లాం తెల్లగుడ్డ కప్పిన పళ్లెంతో వచ్చింది. ఇత్తో అడ్డం నిలబడింది.

"ఈ రొట్టె కాలదు."

"బట్టీ నీ అబ్బదా?"

బా ఇద్దర్ చేతులు జోడించాడు. "ఇత్తో, నా పొట్ట కొట్టకమ్మా. ఇది తిప్పి పంపితే రేపు నా గోడకీ ఎర్రగుర్తే."

నిజమే. వెనక నిలబడ్డ చేపల ఫ్యాక్టరీ ఆడమనిషి తన పళ్లెం తిరిగి నెత్తికెత్తుకుంది.

"అయితే మాదీ కాల్చకు బాబాయ్. ఎవరైనా అడిగితే, నువ్వు బట్టీ మూసుకున్నావు, మేం పోయాం. ఎవరి రొట్టెనూ తిప్పి పంపలేదు."

ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకున్నారు. బా ఇద్దర్ బట్టీ నోటికి రేకు అడ్డం పెట్టాడు. ముకద్దం పెళ్లాం పచ్చిపిండితో ఇంటిదారి పట్టింది.

పచ్చి రొట్టెలు నెత్తిన పెట్టుకుని వాళ్లంతా పోలీసు స్టేషనుకు నడిచారు. సుకైనాను వదలరని తెలుసు. గది తిరిగి లేవదనీ, తూదా తప్పుతుందనీ ఇత్తోకు తెలుసు. ఇవాళ ఏ ఇంట్లోనూ రొట్టె లేదు. అయినా నడిచారు.

"ఏం కావాలే మీకు?" మెట్ల మీదనుంచి అధికారి అరిచాడు.

"ముకద్దం మా ఉప్పు తిన్నాడు," అంది ఇత్తో. "కక్కమను."

మొదటి లాఠీ ఆమె పళ్లెం మీద పడింది. పిండి మెట్ల మీద చెదిరింది. వెనకున్న ఆడవాళ్లు తమ పళ్లేలు దించకుండానే ఇంకో మెట్టు ఎక్కారు.