ఐసుపెట్టె బిగింపు

ఐసు దిమ్మ మీద గోనెపట్టా కప్పి ఎడ్విన్ రాజు కొయ్య సుత్తి ఎత్తాడు. గోనె లేకుండా కొడితే ముక్కలు ఎగిరి బురదలో పడతాయి. మరీ గట్టిగా కొడితే పొడైపోయి, చేప ఒంటికి అంటకముందే నీరవుతుంది. దెబ్బ దిమ్మకు తెలియాలి గాని నొప్పి తెలియకూడదు. సుత్తి కింద దిమ్మ ముందు మూలిగింది, తరువాత పగిలింది, ఆపైన కలకండలా గలగలా విడిపోయింది. వయసొచ్చిన నాటి నుంచీ అతనికి రంగూన్‌లోని చిమిండైంగ్ రేవులో ఆ గలగలతోనే తెల్లవారుతోంది. ఇప్పటికీ ఆ చప్పుడు వింటే మాత్రం అలసిన మొహంలో ఒక మూల చిన్న నవ్వు మెరుస్తుంది.

ఇవాళ వచ్చింది సగం దిమ్మే. పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదో సంవత్సరపు వానాకాలం అది. రంగూన్ అంతా సమ్మె. ఐసు ఫ్యాక్టరీ ఒకపూట నడిస్తే రెండు పూటలు మూత. రైళ్లు లేవు, బస్సులు లేవు, ఆస్పత్రుల్లో డాక్టర్లు లేరు. పోలీసులు కూడా లేకపోవడంతో ఎవరి పేటను వాళ్లే కాచుకుంటున్నారు. వీధి మొదట్లో, చివర్లో వెదురు గేట్లు వెలిశాయి. అంత పెద్ద నగరం చిన్న చిన్న పల్లెలుగా విడిపోయి, ఒకదాని మొహాన ఒకటి తలుపు వేసుకుంది. చేపలకు మాత్రం సమ్మె సంగతి తెలియదు. పులసలు ఎప్పటిలాగే ఏటికి ఎదురీది వస్తున్నాయి.

వెన్ను పైకి, పొట్ట కిందికి పెట్టి చేపల్ని వరసగా పడుకోబెట్టాడు. మొప్పల్లో చిటికెడు ఐసు కూరాడు. పెట్టె అడుగున ఉన్న చిల్లులోకి పుల్ల పెట్టి కెలికి, నీరు సాఫీగా పోతోందని చూసుకున్నాడు. చేప చల్లదనంలో పడుకోవాలి గాని నీళ్లలో నానకూడదు. ఆ పెట్టె కూడా అతను చేసిందే. రెండు పొరల పలకల మధ్య ఊక దట్టించాడు. పలకలు ఎండి ఉన్నప్పుడే వెంట్రుక దూరనంత బిగువుగా అతుకుతాడు. తడి తగిలి కొయ్య ఉబ్బితే ఇక ఆ అతుకులోంచి గాలి కూడా పోదు. భీమిలి నుంచి ఓడెక్కి వచ్చిన తాత, అతని చేతికి ఉలి ఇచ్చి నేర్పిన మొదటి పాఠం అది.

"ఊ రాజూ, నీ వాటా చేప తీసుకెళ్లు," అన్నాడు పడవల యజమాని ఊ సాన్, బర్మా భాషలో. పెద్దవాళ్ల పేరు ముందు 'ఊ' అనడం అక్కడి మర్యాద.

"చేపొద్దు. ఐసు ఇప్పించు."

"ఐసు తింటావా?"

"మా ఆవిడకు జ్వరం. దిగడం లేదు."

ఊ సాన్ కొబ్బరికాయంత ముక్కను తనే ఏరి ఇచ్చాడు. ఎడ్విన్ రాజు దాన్ని ఊకలో దొర్లించి, తడిగోనెలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు చంకన పెట్టుకున్నాడు. మేరమ్మ మంచం పట్టి వారం దాటింది. కూతురు సోఫియాను నగరం ఉత్తరపు చివరనున్న ఇన్సేన్‌లో ఇచ్చారు. అక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేసే జెర్రీ మొన్న ఇన్సేన్‌లోని తన ఇంటికి నడిచి పోతుంటే, "అమ్మకు బాగోలేదు, ఎలాగైనా రమ్మని సెప్పు," అని అతనితో కబురు పెట్టాడు. దారులు కలిసొస్తే ఇవాళ సాయంత్రానికి పిల్ల రావాలి. అది వచ్చేదాకా ఈ ఒంటి వేడిని కాస్త కిందికి దించి ఉంచాలి. మేరమ్మ కూతుర్ని కళ్లారా చూడాలి. అంతకుమించి అతను ప్రభువును ఏమీ అడగలేదు.

వీధి మొదట్లో కో ఆంగ్ కాపలా ఉన్నాడు. పేట గేటుకు పెద్ద అతనే.

"సమయానికి వచ్చావు, ఊ రాజూ! నిన్న రాత్రి గాలికే గడియ జారిపోయింది. రెండో చివర గేటుకు మేకులు కొట్టేశాం. ఇదొక్కటే దారి. ఇది గట్టిగా లేకపోతే ఎవడైనా లోపలికి వస్తాడు."

చంకలో ఐసు పక్కటెముకల్ని కొరుకుతోంది. మధ్యాహ్నం చేస్తాననవచ్చు. ఆ మాట అతనికి పుట్టుకతో రాలేదు. ఐసు మూటను గుమ్మం నీడలో పెట్టి, పాత చేపలపెట్టె పలక ఒకటి తెప్పించుకుని చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు.

అరవై నాలుగులోనూ ఇంతే. దుకాణాలు సర్కారు పరం చేసుకున్నాక తెలుగువాళ్లు ఓడల మీద ఓడలుగా ఇండియాకు వెళ్లిపోయారు. మేరమ్మ అక్కలిద్దరూ వెళ్లారు. ఆమె కూడా పెట్టె సర్దుకుని కూర్చుంది. ఎడ్విన్ రాజు ఆ రోజు చర్చి కప్పు మీద ఉన్నాడు. సగం రేకులు విప్పి ఉన్నాయి, మబ్బు పట్టింది. "ఇది కప్పేసి పేర్లు రాయిద్దాం," అన్నాడు. కప్పేసరికి ఓడ వెళ్లిపోయింది. తరువాతి ఓడకు పాస్టరుగారి మెట్లు విరిగాయి. ఆ తరువాతి ఓడకు సోఫియా కడుపులో ఉంది. మేరమ్మ పెట్టెలోంచి చీరలు తీసి మళ్లీ దండెం మీద వేసుకుంది. ఆ నెలంతా కూర ఉప్పగా వండింది.

పలకను కొత్త గడియగా గేటు గాడుల్లోకి నెట్టాడు. చేతి అలవాటు చేతిది. వెంట్రుక దూరనంత బిగువుగా కూర్చుంది. కో ఆంగ్ గేటును భుజంతో కుమ్మి చూసి, "ఏనుగొచ్చినా కదలదు," అని మెచ్చుకున్నాడు. ఎడ్విన్ రాజు మూట ఎత్తుకున్నాడు. కొబ్బరికాయ కాస్తా నారింజపండంతైంది.

ఇంట్లో పక్కింటి చిలకమ్మ మంచం దగ్గర కూర్చుని విసురుతోంది. మేరమ్మ కళ్లు తెరిచింది.

"ఏటయ్యా, దారంటా ఐసు నాటుకుంటూ వచ్చినావా?"

"గేటుకాడ గడియ..."

"తెల్సులే. దారిలో వంకర మేకు అగుపించినా ఆగిపోతావు నువ్వు."

"వదినా, ఎక్కువ మాటాడకు," అంది చిలకమ్మ నవ్వాపుకుంటూ. "రాజన్నా, మా పొయ్యి మీద కప్పు ఒకటే కారతంది. తారు పూసినాను, ఆగట్లేదు."

"కారే సోట పూస్తే ఏటి లాభం? నీరు దూరేది ఒకసోట, కారేది ఇంకోసోట. కప్పెక్కి మూరెడు పైన ఎతుకు. సిల్లు అక్కడుంటాది."

"సూసినావా చిలకా," అంది మేరమ్మ. "ఈ ఇంటి గుమ్మం మార్సినాడు, వాసాలు మార్సినాడు, మంచం కోళ్లు మార్సినాడు. పెళ్లినాటిది నానొక్కదాన్నే మిగిలినాను. నాకు తగ్గ సెక్క దొరకలేదు కావాల."

చిలకమ్మ పకపకా నవ్వింది. ఎడ్విన్ రాజు నవ్వలేదు. ఐసు చితక్కొట్టి, పాత బనీను గుడ్డలో చుట్టి, ఆమె నుదుటి మీద పెట్టాడు. చంకల కింద పెట్టాడు. పాదాల దగ్గర పెట్టాడు. కరిగిన నీరు పక్క తడపకుండా వెదురు చీలికతో దారి చేశాడు. చివరి చిన్న పలుకును ఆమె నోట్లో వేశాడు. ఆమె దాన్ని బుగ్గన పెట్టుకుని, కొంతసేపటికి కటుక్కున కొరికి, దొంగతనం చేసిన చిన్నపిల్లలా అతని వంక చూసింది. ఆ ఒక్క చప్పుడుకు అతనికి పొద్దుటి నుంచీ ఉన్న నడుంనొప్పి కాసేపు గుర్తులేదు.

మధ్యాహ్నం వాన దిగింది. రేకుల మీద కుండపోత. మేరమ్మ నిద్రపోతూ లేస్తూ, లేచినప్పుడల్లా, "వచ్చిందా?" అని అడిగింది. "దారిలో ఉంటాది," అన్నాడతను ప్రతిసారీ. అతను గుమ్మంలో కూర్చుని చిలకమ్మ కుంపటికి కొత్త కాలు అమర్చాడు. 

వాన వెలిశాక మేరమ్మ ఒళ్లు కొంచెం చల్లబడింది. దిండుకు ఆనించి కూర్చోబెట్టమంది.

"చిలకా, తనకా అరగదీసి పుయ్యే. పిల్ల నన్నీ మొహంతో సూస్తే బెదిరిపోద్ది."

చిలకమ్మ సానరాయి తెచ్చి, నీళ్లు చిలకరించి, బర్మా ఆడవాళ్లు చెంపలకు పూసుకునే తనకా చెక్కను గుండ్రంగా అరగదీసింది. గదంతా చల్లటి కొయ్యవాసన. అప్పుడే వీధిలోంచి కో ఆంగ్ కేక వినబడింది.

"ఊ రాజూ! మీ అమ్మాయి వచ్చింది! గడియ రావడం లేదు!"

మేరమ్మ కళ్లు పెద్దవి చేసింది. "ఎల్లు," అంది. "ఇంకా కూకున్నావేటి?"

అతను సుత్తి, ఉలి పట్టుకుని పరుగెత్తాడు. నలుగురు మగవాళ్లు గడియ పట్టుకుని లాగుతున్నారు. అది రవ్వంత కూడా జరగడం లేదు. దాని మీద చెయ్యి వేయగానే అతనికి అర్థమైంది. ఎండిన పలక వాననీరు తాగి ఉబ్బింది. ఐసుపెట్టె మూతలా గాడుల్లో అతుక్కుపోయింది. గడియకు వేలెడు సందు వదలాలని ఏ వడ్రంగికైనా తెలుస్తుంది. పెట్టెలు చేసే చేతులు అతనివి.

"నానా!" వెదురు సందులోంచి సోఫియా తడిసిన మొహం కనబడింది. రైలు పట్టాల వెంట నడిచి వచ్చింది. చెప్పులు చేతిలో ఉన్నాయి. "అమ్మెలా ఉంది?"

"బాగుందమ్మా. కూకోని ఉంది. నీకోసం సింగారించుకుంటోంది."

"అబ్బో!" అని ఆ పిల్ల నవ్వింది. ఏడుపూ ఉంది అందులో. "బేగి తియ్యి నానా. అవతల రోడ్డు మీద మిలట్రీ ట్రక్కులు తిరుగుతున్నాయి."

సుత్తితో ఒక పక్క కొట్టాడు. బిగువు పెరిగింది. రెండో పక్క కొట్టాడు. గేటంతా ఊగింది, గడియ ఊగలేదు. అతను చేసిన పనిని అతనే ఎన్నడూ విరగ్గొట్టి ఎరగడు. ఉలిని కొయ్య చార వెంట ఆనించాడు. కళ్లు మూసుకుని, ఐసును కొట్టినట్టు కాక, పగవాడిని కొట్టినట్టు కొట్టాడు. చార కొంచెం నోరు తెరిచింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ. వేళ్ల మీద చర్మం లేచిపోయింది. ఎప్పటికో పలక నిలువునా చీలి, రెండు ముక్కలై బురదలో పడింది.

తండ్రీ కూతురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నీళ్లు నిలిచిన వీధిలో పరుగులాంటి నడక నడిచారు. ఇంటి ముందు చిలకమ్మ వెలిగించిన దీపంతో ఎదురొచ్చింది.

"ఇప్పటిదాకా గేటు దెబ్బలు వింటా నవ్వతానే ఉంది అన్నయ్యా. దీపం ఎలిగించుకొస్తానని ఇప్పుడే ఇటొచ్చినాను."

మేరమ్మ దిండుకు ఆనుకుని గుమ్మం వైపే మొహం పెట్టి ఉంది. సోఫియా తడిబట్టలతోనే మంచం మీద కూర్చుని తల్లి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ పిల్ల మొహం విప్పారింది.

"నానా, చల్లగా ఉంది! జొరం దిగిపోనాది!"

ఎడ్విన్ రాజు వచ్చి భార్య మెడ పక్కన వేలు ఆనించాడు. ఐసు తాకిన చర్మంలో చల్లదనం పైపైనే ఉంటుంది. వేలు అలాగే ఉంచితే అడుగునున్న వెచ్చదనం మెల్లగా పైకొచ్చి పలకరిస్తుంది. అతను వేలు ఉంచాడు. చాలాసేపు ఉంచాడు. అడుగు నుంచి ఏ వెచ్చదనమూ పైకి రాలేదు. గుమ్మంలో చిలకమ్మ దీపాన్ని రెండు చేతులా పట్టుకుని కదలకుండా నిలబడింది. కూతురు అతని మొహంలోకే చూస్తోంది.

"అవునమ్మా," అన్నాడు చివరికి. "దిగిపోనాది."

సోఫియా ఇంకా నవ్వుతూ తల్లి వేళ్లు నిమురుతోంది. మేరమ్మ ఎడమ చెంప మీద తనకా గుండ్రంగా, నున్నగా ఉంది. కుడి చెంప ఖాళీగా ఉంది. మంచం పక్కన సానరాయి మీద, ఆ రెండో చెంపకని అరగదీసి ఉంచిన గంధం అంచుల నుంచి లోపలికి మెల్లగా ఆరిపోతోంది.