కనుబొమ్మ మీది గాటు

భార్య రాగ్నా చనిపోయిన శీతాకాలం నుంచీ చిత్రకారుడు ఆస్గర్ ఒకే ఒక్క ముఖం వేస్తున్నాడు. డెన్మార్క్‌లోని ఈ జట్లాండ్ తీరంలో అతని తైలవర్ణ చిత్రాలకు ఎక్కని పడవ లేదు, అల లేదు. కట్టుకున్న పెళ్లాన్ని మాత్రం బతికుండగా ఒక్కసారీ వెయ్యలేదు మహానుభావుడు! ఇప్పుడేమో ఆమె ముఖం మనసులోంచి జారిపోతోందని ఒకటే గుబులు. ఫొటోలు చూస్తే చివరికి అవే గుర్తుండిపోతాయని భయపడి, వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాడు. వెయ్యడం, నచ్చక కత్తితో గీకెయ్యడం, మళ్లీ మొదలెట్టడం. పలకరించే దిక్కులేని ఆ ఇంట్లో గీకుడు చప్పుడే అతనికి తోడు.

ఈస్టర్ ముందు ఎలాగో ముఖం కుదిరింది. రాగ్నా చెల్లెలు సిగ్నె రై ధాన్యపు రొట్టె, ఊరవేసిన హెర్రింగ్ చేపలు పట్టుకుని వచ్చింది. బొమ్మ ముందు నిలబడి పెదవి విరిచింది.

"అక్కలాగే ఉంది బావా. కానీ అక్క కాదు."

"నీ మొహం! దానితో కాపురం చేసింది నేనా, నువ్వా?"

"కనుబొమ్మ మీద గాటు కుడివైపు కదా? ఎడమవైపు పెట్టావేం?"

"ఎడమవైపే. కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది నాకు."

"చిన్నప్పుడు మంచు మీద ఆడుతుంటే నా స్కేటు బ్లేడు తగిలి అయిన గాటది. నాన్న చేత తన్నులు తిన్నదాన్ని, నాకు తెలియదూ?"

ఆస్గర్‌కు ఒళ్లు మండింది. తప్పు పట్టుకోవడానికి చిత్రకారులంతా చేసే పనే చేశాడు. బొమ్మను ఎత్తి, పక్క గోడనున్న పెద్ద అద్దానికి చూపించాడు. కుడి ఎడమలు తారుమారైతే వంకరలు ఇట్టే బయటపడతాయి.

"ఇదిగో! ఇదీ మా అక్క!" అంది సిగ్నె.

ఆస్గర్ బొమ్మనూ అద్దాన్నీ మార్చి మార్చి చూశాడు. రోజంతా గదికి వీపు పెట్టి బొమ్మలు వేసేవాడు. వెనక పొయ్యి దగ్గర రాగ్నా ఊలు అల్లుకుంటూ కూర్చునేది. కుంచె ఆపినప్పుడల్లా ఆమెను ఆ అద్దంలోనే చూసేవాడు. అన్నం దగ్గరా తలెత్తకుండా కాగితాల మీద గీతలే. వెనక్కి తిరగాలని ఎన్నడూ తోచలేదు.

"మీ అక్క నన్నేమీ అనేది కాదా, సిగ్నే?" అని అడిగాడు.

"ఎందుకనదు? 'మీ బావ వీపు నాకు కంఠతా వచ్చు, కళ్లకు గంతలు కట్టినా గీసేస్తా' అని నవ్వేది."

సిగ్నె కూడా నవ్వబోయి, అతన్ని చూసి ఆగిపోయింది. ఆస్గర్ బొమ్మను గుండెలకు హత్తుకుని భోరుమన్నాడు. ఇంకా ఆరని రంగు చొక్కాకంతా అంటుకుంది. సిగ్నె లాక్కునేలోపే ముఖం చెదిరిపోయింది.