ఓబులమ్మ దబ్బనం

పురికొస నోట్లో తడిపి దబ్బనానికి ఎక్కించి, ఓబులమ్మ ఇంకో గోతాన్ని ఒళ్లోకి లాక్కుంది. నంద్యాలలో ఈశ్వరయ్య శెట్టి గిడ్డంగి అరుగు మీద కూర్చుని చినిగిన గోతాలు కుట్టడం ఆమె పని. వేళ్ల కొసలు కాయలు కాచి చింతగింజల్లా నున్నగా ఉంటాయి. మంచినీళ్లకు లేచినా దబ్బనాన్ని కింద పెట్టదు, కొప్పులో గుచ్చుకుంటుంది. ఎవరి కాల్లోనన్నా దిగితే? ఆ కాలు చీము పట్టి తీసేయాల్సి వస్తే? కూతురు దగ్గితే క్షయ అనుకునేది. బస్సు ఆలస్యమైతే బోల్తా పడిందనుకునేది. ఇన్ని అనుకున్న మనిషి, ఆ కూతురు ఆళ్లగడ్డ సబ్‌జైల్లో కూర్చుంటుందని మాత్రం అనుకోలేదు.

శ్రావణంలో కూతురు పద్మమ్మ పుట్టింటికొచ్చి తిరిగి పోతుంటే ఓబులమ్మ ఒడిబియ్యం పోసింది. ఆ బియ్యం అత్తగారింట్లో వండుకుని తినాలి. పద్మమ్మ వండి, పొలానికి పోతున్న మొగుడు శేషయ్యకు ముందుగా వడ్డించింది. పొద్దుగూకకముందే అతను నురగలు కక్కుకుని పోయాడు. పద్మమ్మ ఒక్క ముద్దా ముట్టలేదు.

‘ఒడిబియ్యమే యమపాశం: మొగుణ్ణి మట్టుబెట్టిన మాయలాడి’ అని వారపత్రిక అరచెయ్యంత అక్షరాలతో వేసింది. బస్టాండులో కేకలేసి అమ్మారు. వండినామె ఎందుకు తినలేదని పత్రిక అడిగింది, పోలీసులూ అడిగారు. మొగుడు తిన్నాకే తినాలని చిన్నప్పటి నుంచీ నేర్పింది ఓబులమ్మే. ఆ మాట ఎవరూ రాయలేదు.

సగం కుట్టేసరికి గోతంలోంచి వెల్లుల్లి లాంటి వాసన ముక్కుకు తగిలింది. మూటలు మోసే దావీదు అటుగా పోతూ ఆగాడు.

“అది వదిలెయ్ అక్కా. చేలకు కొట్టే పురుగుమందు డబ్బా పగిలి దాని మీద కారింది. ఆ గోతం దులిపిన గింజలు తిని పావురాలు చచ్చినాయి.”

“ఉతికితే పోదా?”

“యాడ పోతాదక్కా. కుందూ ఏట్లో నానబెట్టినా పోదంట.”

ఓబులమ్మ చెయ్యి ఆగిపోయింది. ఎండాకాలంలో ఇలాంటి గోతాన్నే ఇంటికి తీసుకుపోయింది. ఇదే వాసన. వెల్లుల్లి మోసిన గోతమేమో అనుకుంది. కుందూలో బండకేసి ఉతికింది, ఎండబెట్టింది. తాను జొన్నరొట్టెతో సరిపెట్టుకుని కూతురి ఒడి నింపడానికి సన్నబియ్యం కొని, పురుగు పడుతుందన్న భయంతో ఆ గోతంలో పోసి మూతి కుట్టింది. ఈ దబ్బనంతోనే.

ఉన్నపళంగా లేచి నిలబడింది. దావీదుకు సంగతంతా రెండు ముక్కల్లో చెప్పి, పోలీసుల దగ్గరికి పోతున్నానంది.

“నువ్వు పోయి చెప్తే నిన్ను పట్టుకుంటారు గదక్కా.”

“పట్టుకోనీలే అప్పా. నా బిడ్డ ఇంటికి పోతాది.”

ఇంట్లో ఆ గోతం అడుగున గుప్పెడు బియ్యం ఇంకా ఉన్నాయి. పద్మమ్మ మళ్లీ వస్తే పాయసం కాయాలని దాచింది. గోతాన్ని పాత చీరలో మడతల మీద మడతలు చుట్టి, చేతులు బూడిదతో తోముకుని, ఆళ్లగడ్డ బస్సెక్కింది. పక్క సీటులో చంటిబిడ్డతో ఉన్న తల్లిని దూరంగా పోయి కూర్చోమని బతిమాలింది. ఆ తల్లి మూతి ముడుచుకుని వెనక్కి పోయింది. మూటను కాళ్ల మధ్య పెట్టుకుని, పద్మమ్మ సగం చిక్కి ఉంటుందనీ, జైల్లో రాత్రిళ్లు చలేస్తుందనీ అనుకుంటూ కూర్చుంది. తన సంగతి ఒక్కసారి కూడా తలపుకు రాలేదు.

బస్సు ఊరు దాటుతుండగా అలవాటుగా కొప్పు తడుముకుంది. దబ్బనం లేదు. ఎవరి కాల్లో దిగుతుందో! దిగి వెనక్కి పోదామని సీటులోంచి సగం లేచి, మూట వైపు చూసి, మళ్లీ కూర్చుంది.

గిడ్డంగి అరుగు మీది గోతాన్ని ఆ సాయంత్రం దాకా ఎవరూ ముట్టుకోలేదు. సగం కుట్టులో దబ్బనం నిలువుగా దిగబడి ఉంది. ఓబులమ్మ నోటి తడి ఆరిపోయిన పురికొస గాలికి అటూ ఇటూ ఊగుతూ ఉంది.